పైనుంచి కిందికి రాసిన దారి

ఆ పుస్తకాలు మంగళవారం పొద్దున మ్యూజియానికి వచ్చాయి. అట్టపెట్టెలో యాభై ప్రతులు. టికెట్ల బల్ల పక్కన చిన్న అలమర ఉంది. బొమ్మల కార్డులూ తాళంచెవుల గొలుసులూ అమ్మేది అక్కడే. ఆ పై అరలో వీటిని సర్దమని క్యూరేటర్ గారు చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. సర్దాల్సింది చక్రాలమ్మ.

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ జీతాల పట్టీలో తప్ప అది ఎక్కడా వినిపించదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరుగుతుందని మొగుడు సరదాగా మొదలుపెట్టిన పిలుపు మ్యూజియం దాకా పాకింది. స్వీపరు దగ్గర్నుంచి క్యూరేటర్ దాకా అందరికీ ఆమె చక్రాలమ్మే. మొగుడు పోయి మూడేళ్ళయింది. పిలుపు మాత్రం మిగిలింది.

కత్తెరతో పెట్టె తెరిచి మొదటి ప్రతి బయటికి తీసింది. "చూడదగ్గ నలభై చోట్లు" అని పేరు. కింద ఒక జలపాతం బొమ్మ. పెన్సిలుతో గీసింది. నీళ్ళు పడేచోట గీతలు ఆపేసి, కాగితాన్ని తెల్లగా వదిలేశాడు గీసినవాడు.

చక్రాలమ్మ కత్తెర పక్కన పెట్టింది. నీళ్ళు గీయకుండా నీళ్ళు చూపించే మనిషి ఆమె ఎరుకలో ఒక్కడే.

పేజీలు తిప్పింది. పాత ఊరి వీధుల నడక, నది గట్టు నడక, ఇదే మ్యూజియంలో తప్పకుండా చూడాల్సిన ఏడు వస్తువులు. ఒకచోట ఇలా ఉంది: "ఎక్కి ఎక్కి అలసిపోతే ఈ రాతి మీద కూర్చోండి. మీ బరువెంతో అది ఎవరికీ చెప్పదు." అది ఆమె వాక్యం. ఆ రాతి మీద కూర్చునే రాసింది. రాస్తుంటే పక్కన మొగుడు, "నా బరువు మాత్రం నువ్వు ఊరంతా చెప్పావు" అని నవ్వాడు కూడా.

వెనక అట్ట మీద రచయిత ఫోటో ఉంది. కళ్ళద్దాలు, చక్కగా దువ్విన తల, గడ్డం కింద చెయ్యి. పర్యాటక శాఖ ఆఫీసరు. ఎవరేమడిగినా "చూద్దాం" అనడం తప్ప మరో మాట తెలియని మనిషి కాబట్టి ఊళ్ళో ఆయన్ని చూద్దాంగారు అంటారు. చూద్దాంగారు చూడదగ్గ చోట్ల గురించి రాశారన్నమాట.

నూట పన్నెండో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. బొమ్మలో ఒక ఆడమనిషి కొండ అంచున వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. భుజాన సంచి. ఆ సంచి జేబుకు వేరే గుడ్డతో అతుకు. డ్రైవరు యూనిఫారం ఖాకీ ముక్కతో ఆ అతుకు వేసుకున్నది చక్రాలమ్మే. ఆ సంచి ఇప్పుడు కూడా టికెట్ల బల్ల కింద మేకుకు వేలాడుతోంది.

ఆమె ఏడవలేదు. మిగిలిన నలభై తొమ్మిది ప్రతులూ వీపులు ఒకే వరసలో వచ్చేలా అలమరలో సర్దింది. స్కూలు పిల్లల బృందం వస్తే టికెట్లు చింపి ఇచ్చింది. మధ్యాహ్నం తెచ్చుకున్న డబ్బా మూత మాత్రం తీయలేదు.

ఆమె మొగుడు కొండ మీదికి వెళ్ళే మొదటి బస్సు నడిపేవాడు. ఆరింటికి కింద ఎక్కితే ఏడున్నరకు పైన కావలి బురుజు దగ్గర దింపేవాడు. అక్కడ బస్సు ఇంకో డ్రైవరుకు అప్పజెప్పాక అతని డ్యూటీ అయిపోయేది. మ్యూజియానికి సోమవారం సెలవు. ప్రతి సోమవారం ఆమె ఆ బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పైకి వెళ్ళేది, ఇద్దరూ నడిచి కిందికి దిగేవాళ్ళు. కొండ అయిపోయాక నది పట్టుకున్నారు, నది అయిపోయాక పక్క ఊళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేకపోవడంతో ఎంత ఆలస్యమైనా అడిగేవాళ్ళూ లేరు. పదకొండేళ్ళలో ఐదు నోట్‌బుక్కులు నిండాయి. మాటలు ఆమెవి, బొమ్మలు అతనివి.

ఆరేళ్ళ కిందట చూద్దాంగారు మ్యూజియం తనిఖీకి వచ్చినప్పుడు బల్ల మీద ఒక నోట్‌బుక్కు కనబడింది. నిలబడే ఇరవై పేజీలు చదివాడు.

"బంగారంలా ఉందమ్మా. అన్నీ ఇవ్వు. పుస్తకంగా వేయిద్దాం. మీ ఇద్దరి పేర్లూ వేద్దాం."

ఇచ్చింది. ఆ తర్వాత చెప్పులరిగేలా ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట, చూద్దాం. ఈలోగా మొగుడికి నరాల జబ్బు వచ్చింది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు. పెన్సిలు పట్టుకోలేని మనిషి ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే కొండ కొస కొంచెం కనిపించేది, అంతే.

"ఆ నోట్‌బుక్కులు తీసుకురావే. రోజుకో చోటు చదువు. మంచం మీంచే తిరిగొద్దాం" అన్నాడు ఒక రోజు.

నాలుగుసార్లు వెళ్ళింది. ఒక్క వారం ఇవ్వండి సార్, చదివి తెచ్చిచ్చేస్తాను అని బతిమాలింది. నాలుగోసారి చూద్దాంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆఫీసు మారేటప్పుడు చిత్తుకాగితాలతో కలిసి వెళ్ళిపోయాయమ్మా. నాకూ బాధగానే ఉంది. ఏం చేస్తాం?"

ఆ మాట మొగుడికి చెబితే రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు ఇటు తిరిగి, "పోనీలే, గుర్తున్నంత వరకు నువ్వే చెప్పు" అన్నాడు. ఆమె చెప్పేది. తప్పు చెబితే అతను సరిదిద్దేవాడు. కానీ బొమ్మలు నోటితో చెప్పేవి కావు. "నువ్వు కొండ అంచున కూర్చున్నది ఒకటి గీశాను చూడు. అది ఒక్కసారి చూడాలని ఉందే" అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికాడు.

సాయంత్రం పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది. వంటగదిలో బల్ల ముందు కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. చిత్తుకాగితాల్లో పోయినవాటిలోంచి ఒక్క కామా కూడా పోలేదు. ఫిర్యాదు రాద్దామా అనుకుంది. ఎవరికి రాసినా ఆ కాగితం తిరిగి తిరిగి చూద్దాంగారి బల్ల మీదికే వస్తుంది. ఆయన దాని మీద ఏం రాస్తాడో కూడా ఆమెకు తెలుసు.

నలభయ్యో చోటు దగ్గరికి వచ్చింది. కావలి బురుజు నడకదారి. పైన బురుజు, కింద ఇప్పుడు కొత్తగా కట్టిన కార్ల పార్కింగు. "కింద పార్కింగు దగ్గర మొదలుపెట్టండి" అని ఉంది మొదటి వాక్యం. ఆ ఒక్క వాక్యం ఆమెది కాదు.

తర్వాత ఉన్నదంతా ఆమెదే, వరస మాత్రం తిరగేసి ఉంది. ఆమె రాసిన చివరి పేరా మొదట, మొదటి పేరా చివర. చక్రాలమ్మ ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. కుర్చీ వెనక్కి తోసి లేచి వంటగది మధ్యలో నిలబడింది. పొయ్యివైపు తిరిగి ఎడమ చెయ్యి చాపింది. తలుపువైపు తిరిగి మళ్ళీ ఎడమ చెయ్యి చాపింది.

పేరాలు తిరగేశాడు గానీ ఎడమలూ కుడులూ మార్చలేదు.

దిగుతూ రాసిన దారి అది. దిగేవాడి ఎడమ ఎక్కేవాడికి కుడి. కొండ మీద కాలు పెట్టని మనిషికి ఆ సంగతి ఎందుకు తడుతుంది? మూడేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో నవ్వు వినబడింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా తోచింది.

శుక్రవారం చూద్దాంగారు స్వయంగా మ్యూజియానికి వచ్చాడు. ఆదివారం పుస్తకావిష్కరణ. పార్కింగు దగ్గర బయలుదేరి, రచయిత వెంట అతిథులంతా బురుజు దాకా నడిచి వెళ్ళాలి. అక్కడ శాఖ డైరెక్టర్ పుస్తకం విడుదల చేస్తారు. మంచినీళ్ళూ మందుల పెట్టే పట్టుకుని ఒక మనిషి తోడు రావాలి. కొండ తెలిసినదని క్యూరేటర్ గారు చక్రాలమ్మను చూపించారు.

చూద్దాంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక ప్రతి తీసి, సంతకం చేసి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ నోట్సు కూడా అక్కడక్కడ పనికొచ్చిందమ్మా. చదివింది గుర్తుంది కదా, ఆ గుర్తుతోనే రాసుకుపోయాను. లోపల మ్యూజియం సిబ్బందికి కృతజ్ఞతలని వేశాం, చూశావా?"

"చూశాను సార్."

"ఆదివారం నువ్వు వెనకాల ఉండు. ఎవరూ వెనకబడకుండా చూసుకో. ముందు నేనుంటాను."

"అలాగే సార్. మీరు ముందుండండి. నేను వెనకాలే ఉంటాను."

ఆదివారం ఏడింటికి పన్నెండుమంది పార్కింగు దగ్గర పోగయ్యారు. డైరెక్టర్ మేడమ్ గట్టి మనిషి. మాట తక్కువ, అడుగు పెద్దది. ఒక పత్రిక విలేఖరి, పాతికేళ్ళ పిల్ల, మెళ్ళో కెమెరాతో వచ్చింది. రిటైరైన టీచరు ఒకావిడ చేతికర్ర పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటినా కొండెక్కుతానని పట్టుబట్టి వచ్చిందట. మిగతావాళ్ళు ఆఫీసు మనుషులు, హోటళ్ళ యజమానులు. చూద్దాంగారు కొత్త బూట్లు వేసుకున్నాడు. అడుగు పడ్డప్పుడల్లా అవి కిర్రుమంటున్నాయి.

చక్రాలమ్మ రెండు చేతుల్లో నీళ్ళ సీసాల సంచులూ వీపున మందుల పెట్టె పెట్టిన తన పాత సంచీ వేసుకుని అందరికంటే వెనక నిలబడింది.

అరగంట బాగానే నడిచారు. విలేఖరి పిల్ల పుస్తకం తెరిచి పైకి చదువుతూ నడుస్తోంది.

"వాగు మీ కుడిచేతి పక్కన మాట్లాడుతూ వెంట వస్తుంది... సార్, వాగు ఎడమ పక్కన ఉందేంటి?"

"వానాకాలం దారి మార్చుకుంటుందమ్మా" అన్నాడు చూద్దాంగారు వెనక్కి తిరక్కుండానే.

"రాళ్ళ మధ్య అంత లోతుగా పారే వాగు దారి మార్చుకుంటుందా?" అంది టీచరు చక్రాలమ్మ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి. చక్రాలమ్మ నీళ్ళ సీసా మూత తీసి ఆవిడ చేతికిచ్చింది.

ఇంకో పావుగంటకు నిలువునా చీలిన బండ వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది సన్నగా, గడ్డి మధ్య దాక్కున్నట్టు ఉంటుంది. ఎడమవైపుది వెడల్పాటిది. ఒకప్పుడు రాళ్ళ క్వారీకి లారీలు తిరిగిన బాట.

"చీలిన బండ దగ్గర ఎడమ దారి పట్టండి, కళ్ళు మూసుకుని నడిచిపోవచ్చు" అని చదివింది విలేఖరి.

"చూశారా, ఎంత విశాలంగా ఉందో" అని చూద్దాంగారు ఎడమకు తిరిగాడు. అందరూ వెంట తిరిగారు.

చక్రాలమ్మ ఒక్క నిమిషం బండ దగ్గరే ఆగిపోయింది. ముందు టీచరు చేతికర్ర తాటించుకుంటూ పోతోంది. పిలవాలని నోరు తెరిచింది. ఎనిమిది నెలల మంచం కళ్ళ ముందు కదిలింది, గోడవైపు తిరిగిన వీపు కదిలింది. నోరు మూసుకుని నడిచింది.

ఇరవై నిమిషాల్లో రావాల్సిన ఊటబావి నలభై నిమిషాలైనా రాలేదు. ఎండ ఎక్కింది. బాట మీద ముళ్ళకంపలు అడ్డం పడ్డాయి. హోటలాయన చొక్కా చిరిగింది. దారి పైకి వెళ్ళడం మానేసి కొండ నడుం చుట్టూ తిరుగుతోంది. గుర్తులు పెట్టిన బోర్డులు ఎవరో ఎత్తుకుపోయారని చూద్దాంగారు ఒకసారి అన్నాడు. ఇది కొంచెం చుట్టుదారి, కానీ దృశ్యాలు బాగుంటాయని ఇంకోసారి అన్నాడు. మెడ వెనక చెమట కాలరు లోపలికి కారుతోంది. చక్రాలమ్మ ఆ మెడనే చూస్తూ నడిచింది. ఎండలో అంత దూరం నడిచినా ఆమెకు అలుపు తెలియలేదు. కిర్రుమనే ఆ బూట్లు ఇంకో మైలు కిర్రుమంటే బాగుండుననుకుంది.

బాట క్వారీ అంచున తెగిపోయింది. ముప్పై అడుగుల లోతున పచ్చటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. అందరూ నిలబడిపోయారు. సరిగ్గా అప్పుడే టీచరు కాలు కంకర మీద జారింది. కర్ర ఒకవైపు, ఆవిడ ఒకవైపు పడ్డారు. చక్రాలమ్మ సంచులు కింద పారేసి పరిగెత్తింది. చీలమండ చూస్తుండగానే ఉబ్బింది. తడిగుడ్డ చుట్టి, మందుల పెట్టెలోని పట్టీ బిగించి కట్టింది. ఇది ఆమె అనుకున్న లెక్కలో లేదు.

డైరెక్టర్ మేడమ్ చూద్దాంగారి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏంటండీ ఇది? మీరు రాసిన దారే కదా?"

చూద్దాంగారు మెడ తుడుచుకున్నాడు. చుట్టూ చూశాడు. చూపు చక్రాలమ్మ మీద ఆగింది.

"ఈవిడకు కొండంతా తెలుసు మేడమ్. అందుకే తీసుకొచ్చాం. ఏమ్మా, దారి తప్పుతున్నామని తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

చక్రాలమ్మ పట్టీకి ముడి వేసి లేచింది.

"నన్ను వెనకాల ఉండమన్నారు కదా సార్. ముందు మీరుంటానన్నారు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"పుస్తకంలో తప్పేమీ లేదు మేడమ్. ప్రతి మాటా నిజమే" అని ఆమె డైరెక్టర్ వైపు తిరిగింది. "ఒక్కసారి కొండకు వీపు పెట్టి నిలబడి, అదే పేజీ చదవండి."

డైరెక్టర్ విలేఖరి చేతిలోంచి పుస్తకం తీసుకుంది. బురుజుకు వీపు పెట్టి నిలబడింది. క్వారీ అంచు నుంచి కొండ వాలంతా కనిపిస్తుంది. దూరంగా వాగు, చీలిన బండ, సన్న దారి. ఆమె చదువుతూ, తలెత్తి చూస్తూ, మళ్ళీ చదివింది. వాగు కుడివైపు. బండ దగ్గర దారి ఎడమకు. అన్నీ వచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

"ఇది దిగుతూ రాసింది" అంది డైరెక్టర్ నెమ్మదిగా.

"అవును మేడమ్. నా మొగుడు పొద్దున బస్సు పైకి తోలేవాడు. మేం దిగుతూ రాసుకున్నాం. సార్ పేరాలు తిరగేసి ఎడమా కుడీ తిరగేయడం మర్చిపోయారు."

"అబద్ధం" అన్నాడు చూద్దాంగారు. "నేనూ పైనుంచే దిగాను. చాలాసార్లు దిగాను. టైపులో పొరపాటు దొర్లింది, అంతే."

"అయితే ఒకటి చెప్పండి సార్. ఊటబావి దగ్గర 'నీళ్ళు చల్లగా ఉంటాయి, ముఖం కడుక్కోండి, తాగకండి' అని ఉంది. ఎందుకు తాగకూడదు?"

"ఎందుకంటే... అపరిశుభ్రం. ఎక్కడైనా అంతే కదా."

"ఊరంతా తాగే నీళ్ళు సార్ అవి. మా ఆయన తాగి మూడు రోజులు మంచాన పడ్డాడు, ఆయన ఒంటికి పడలేదు. ఆయనకు కోపం వచ్చి రాయమంటే రాశాను. అది కూడా మీకు జరిగిందేనా?"

విలేఖరి పిల్ల ఈలోగా పేజీలు తిప్పుతూ చక్రాలమ్మ వెనక్కి వచ్చింది. పుస్తకం ఎత్తి పట్టుకుని ఆమె వీపున ఉన్న సంచివైపు చూసింది. మళ్ళీ పుస్తకంలోకి చూసింది. "మేడమ్, ఇది చూడండి" అని నూట పన్నెండో పేజీ డైరెక్టర్ ముందు పెట్టింది. జేబు అతుకు, కుట్టు వంకర, తెగి ముడేసిన పట్టీ, అన్నీ ఉన్నాయి. డైరెక్టర్ పుస్తకం మూసి చూద్దాంగారి చేతికిచ్చింది.

"మమ్మల్ని కిందికి తీసుకెళ్ళమ్మా" అంది చక్రాలమ్మతో.

టీచరుని వంతులవారీగా ఎత్తుకుని దించారు. చక్రాలమ్మ ముందు నడిచింది. చీలిన బండ దాటాక చూద్దాంగారు అందర్నీ దాటుకుని ఆమె పక్కకు వచ్చాడు.

"ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నానమ్మా. ఇద్దరం కలిసి రాశామని చెప్పు చాలు. రెండో ముద్రణలో నీ పేరు పైన వేయిస్తాను."

"నోట్‌బుక్కులు ఎక్కడున్నాయి?"

ఆయన వెనక వస్తున్నవాళ్ళ వైపు తిరిగి చూశాడు.

"నేను నాలుగోసారి వచ్చిన రోజు ఎక్కడున్నాయి?"

"సొరుగులో" అన్నాడు. "టైపు చేయిస్తున్నాం అప్పుడు. నీకిస్తే తిరిగి రావేమోనని... బొమ్మలున్న కాగితాలు కోసి ఉంచాను. మిగతావి తర్వాత నిజంగానే పోయాయి."

ఆమె నడుస్తూనే ఉంది. కొడుతుందేమోనని ఆయన ఒక అడుగు పక్కకు జరిగాడు. ఆమె కొట్టలేదు. పార్కింగు చేరాక విలేఖరి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సొరుగు మాటతో సహా మొత్తం చెప్పింది. తారీఖులు కూడా చెప్పింది.

బుధవారం పేపర్లో వచ్చింది. శుక్రవారానికి అలమరలోని ప్రతులన్నీ వెనక్కి పోయాయి. విచారణ పెట్టారు. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ వెళ్ళింది చక్రాలమ్మ. ఉతికిన చీర కట్టుకుని, చూద్దాంగారికి ఎదురుగా ఉన్న కుర్చీ ఎంచుకుని కూర్చునేది. ఆయన క్షమాపణ ఉత్తరం రాసి పంపాడు. విప్పకుండా తిప్పి పంపింది. ఆఫీసు కవర్లో పందొమ్మిది బొమ్మలు వచ్చాయి, అంచులు కత్తెరతో కోసినవి. వెనకవైపు ఆమె వాక్యాలు సగం సగం తెగి ఉన్నాయి. "ఇక్కణ్నుంచి చూస్తే" అని ఒకటి, "ఆయన మాత్రం ఒప్పుకోలే" అని ఇంకొకటి. కొండ అంచు బొమ్మను కిటికీకి ఎదురుగా గోడకు ఆనించింది. మంచం తీసేసి చాలా రోజులైంది. ఆ ఖాళీ చోట నేల మీద కూర్చుని సాయంత్రం దాకా దాన్ని చూసింది.

ఆ మర్నాడు టీచరు ఇంటికి వెళ్ళింది. ఆవిడ సోఫాలో, సిమెంటు పట్టీ వేసిన కాలు స్టూలు మీద చాపుకుని ఉంది. ఎముక చిట్లింది. ఆరు వారాలు కదలకూడదన్నారు.

"టీచర్, మీకొక మాట చెప్పాలి. బండ దగ్గరే నాకు తెలుసు. మీరు ముందు నడుస్తున్నారని కూడా చూశాను. అయినా పిలవలేదు."

టీచరు స్టూలు మీది కాలు వైపు చూసుకుంది.

"ఆ మనిషి మీద కోపానికి నా కాలేం పాపం చేసిందమ్మా?"

చక్రాలమ్మ తల వంచుకుంది. "ఏం చెప్పమంటారు? మీ కాలికి జవాబు నా దగ్గర లేదు. ఆయన సంగతికొస్తే, ఆ పని మళ్ళీ చేయమన్నా చేస్తాను."

"నిజం చెప్పావు. క్షమించమని దండాలు పెడతావేమో, బయటికి పొమ్మందామని కాచుక్కూర్చున్నాను." టీచరు దిండు సర్దుకుంది. "ఆ కెటిల్లో నీళ్ళు పెట్టు. టీ పొడి పై అరలో ఉంది. ఆరు వారాలు నాకు మనిషి సాయం కావాలి. రోజూ సాయంత్రం వస్తావా?"

"వస్తాను."

"కోపం తగ్గిందా మరి? ఆయన్ని ఏ మూలకో బదిలీ చేస్తారంటున్నారు."

"బదిలీ అయితే అక్కడా ఫ్యాను కిందే కూర్చుంటాడు టీచర్."

టీచరు టీ తాగుతూ ఆలోచించింది. "నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. పక్కవాడి కాగితం చూసి రాసినవాణ్ని నేను బయటికి పంపేదాన్ని కాదు. మొత్తం లెక్కలన్నీ మొదట్నుంచీ వాడి చేతే, నా కళ్ళ ముందే చేయించేదాన్ని. బయటికి పంపితే వాడికి హాయి."

చక్రాలమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆ ఆలోచన వదలకుండా ఇంటికి వెళ్ళింది.

నెల తిరిగాక డైరెక్టర్ ఆమెను పిలిపించి, ఇద్దరి పేర్లతో పుస్తకం మళ్ళీ వేద్దాం, నోట్‌బుక్కులు లేవు కాబట్టి ఉన్న ప్రతిని పట్టుకుని ప్రతి దారీ నడిచి సరిచూసి ఇమ్మంది.

"చేస్తాను మేడమ్. ఒక షరతు. సరిచూసినట్టు ప్రతి చోటా సంతకం చేయడానికి ఒక ఆఫీసరు ఉండాలి కదా. ఆ ఆఫీసరు ఆయనే కావాలి. నలభై చోట్లూ నా వెంట నడవాలి. నీళ్ళ సంచులు ఆయనే మోయాలి."

డైరెక్టర్ పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. ముఖంలో నవ్వు కనబడకుండా జాగ్రత్తపడింది.

"రిటైరయ్యేలోపు చెయ్యాల్సిన పని ఏదో ఒకటి ఆయనకు ఇవ్వాల్సిందే" అంది.

అలా మొదలైంది. ప్రతి సోమవారం ఆరింటికి బస్టాండులో చూద్దాంగారు నీళ్ళ సంచులతో నిలబడి ఉండేవాడు. మొదటి నెల కాళ్ళకు బొబ్బలు లేచాయి. బూట్లు మార్చాడు. రెండో నెల మోకాలు పట్టేసింది. పట్టీ కట్టుకుని వచ్చాడు. ఆమె అడుగు తగ్గించలేదు. నీడ కనిపించినచోట ఆగలేదు. ఎండ ఉన్నచోట ఆగి, పుస్తకంలోని ప్రతి వాక్యం ఆయన చేత పైకి చదివించి, ఎడమా కుడీ వేలెత్తి చూపించమని అడిగి, సంతకం పెట్టించేది. దారిన ఎదురైనవాళ్ళు ఎవరని అడిగితే, "ఈయన నా నీళ్ళు మోస్తారు" అని చెప్పేది. ఆయన కాదనేవాడు కాదు. సాయంత్రం టీచరు ఇంటికి వెళ్ళి ఆ రోజు ఆయన ఎన్నిసార్లు కూలబడ్డాడో చెబితే, ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

ముప్పై ఒకటో చోటు ఊరికి దూరంగా అడవిలో ఉన్న పాత రాతి వంతెన. వాడకం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. రాళ్ళ సందుల్లోంచి నాచు, కింద సన్నగా నీళ్ళు. వాళ్ళు చేరేసరికి పొద్దు వంతెన కమాను లోపలికి దిగుతోంది, రాళ్ళన్నీ లోపల్నుంచి వెలిగినట్టు ఎర్రబడ్డాయి. చూద్దాంగారు సంచులు దించి, వంతెన పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు.

"ఇంత మంచి చోటుందని నాకు తెలియనే తెలియదమ్మా" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. నటన కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. "రోజూ ఇలా ఎక్కడికో ఒకచోటికి వస్తే..."

చక్రాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై చోట్ల ఏడిపించి ఈడ్చుకొస్తే, ముప్పై ఒకటో చోట ఈ మనిషికి కళ్ళు తెరుచుకున్నాయి. మొగుడు మంచం మీద పడి చూడాలని తహతహలాడినవి, ఈయన హాయిగా గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ ఎరుపు ఆ ముఖం మీద పడటం కూడా ఆమెకు ఇష్టం లేకపోయింది.

"లేవండి" అంది.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా."

"లేవండి సార్. ఇంకా తొమ్మిది చోట్లున్నాయి."

ఆయన మోకాలు పట్టుకుని లేచాడు. సంచులు భుజాన వేసుకున్నాడు. ఆమె అప్పటికే వంతెన దిగి నడుస్తోంది.